కాలిక్యులేటరుతో భిన్నాల గుణకారం: భాగహారం చివరికి వాయిదా వెయ్యండి

అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే కామన్ కోర్ ప్రణాళిక ప్రకారం భిన్నాన్ని భిన్నంతో గుణించడం అయిదో తరగతి పాఠం. ఏడో తరగతికి వచ్చేసరికి రుణ భిన్నాలు కూడా చేరి, అకరణీయ సంఖ్యల గుణకారం అవుతుంది. అప్పటికి పిల్లల చేతిలో కాలిక్యులేటరు ఉంటుంది. "ఇది ఉండగా లవం, హారం అంటూ ఈ గొడవంతా ఎందుకు?" అని వాళ్ళు అడిగితే ఏం చెప్పాలి? కాలిక్యులేటరుకి భిన్నం అంటే ఏమిటో తెలిస్తే, దానికి సమాధానం దొరుకుతుంది.

మూడో వంతు తెలియని యంత్రం

ఇంట్లో ఎనిమిది అంకెల చవక కాలిక్యులేటరు ఉంటే 1 ÷ 3 × 3 = అని నొక్కండి. చాలావాటిలో 0.9999999 అని వస్తుంది. ఇప్పుడు 1 × 3 ÷ 3 = అని నొక్కండి. 1 వస్తుంది. లెక్క ఒకటే, వరుస మారింది, అంతే. మొదటిసారి యంత్రం మూడో వంతుకి బదులు 0.3333333 అనే మరో సంఖ్యని తీసుకుంది. తోక తెగిన ఆ సంఖ్యని మూడింతలు చేసినా తెగిన తోక తిరిగి రాదు. ఖరీదైన సైంటిఫిక్ కాలిక్యులేటర్లు తెర మీద కనిపించని రెండు మూడు అంకెలు లోపల దాచుకుని 1 అనే చూపిస్తాయి. అయినా అక్కడా తోక తెగే ఉంటుంది, కాకపోతే ఇంకాస్త దూరంలో.

కనుక మొదటి సూత్రం: లవాలని లవాలతో, హారాలని హారాలతో గుణించి, భాగహారం ఒకే ఒక్కసారి, చివర చెయ్యాలి. ఉదాహరణకి 14/15 × 25/28 తీసుకుందాం. ముందు 15 × 28 = నొక్కి, వచ్చిన 420 ని ఎం+ మీటతో మెమరీలో దాచండి. తరువాత 14 × 25 చేసి, దాన్ని మెమరీలో ఉన్న సంఖ్యతో భాగించండి. 350 ÷ 420 = 0.8333333.

అయితే 0.8333333 చూసి అది 5/6 అని పోల్చుకోవడం అందరి వల్లా కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహంలో దీనికి ఉపాయం ఉంది. మన పావులూరి మల్లన తెనిగించినది ఆ గ్రంథాన్నే. గుణించే ముందే, వీలైనచోట, ఒక భిన్నం లవాన్నీ రెండో భిన్నం హారాన్నీ ఏటవాలుగా కొట్టివెయ్యమంటాడు ఆయన. దాని పేరు వజ్రాపవర్తనం. 14, 28 లు 1, 2 అవుతాయి. 25, 15 లు 5, 3 అవుతాయి. జవాబు 5/6. కాలిక్యులేటరు అక్కరలేకుండానే తేలిపోయింది.

కుండలీకరణాలు మరచిపోతే

రెండున్నరని ఒకటీ మూడో వంతుతో గుణించాలి. అంటే 5/2 × 4/3 = 10/3, దాదాపు 3.33. ఇదే లెక్కని తొందరలో 2 + 1 ÷ 2 × 1 + 1 ÷ 3 అని నొక్కితే ఏమవుతుంది? సైంటిఫిక్ కాలిక్యులేటరు గుణకార భాగహారాలు ముందు చేసి 2.83 అంటుంది. చవక కాలిక్యులేటరు నొక్కిన వరుసలోనే చేసుకుంటూ పోయి 0.83 అంటుంది. రెండూ తప్పే, పైగా రెండు రకాల తప్పు! మిశ్రమ భిన్నాన్ని ముందు 5/2 లాగా మార్చుకోవాలి, లేదా ప్రతి భిన్నానికీ కుండలీకరణాలు పెట్టాలి.

రుణ సంఖ్యలతో ఇంకో జాగ్రత్త. సైంటిఫిక్ కాలిక్యులేటర్లలో తీసివేత మీట వేరు, రుణ గుర్తు మీట వేరు. టీఐ-84 లో −2 ని కుండలీకరణాలు లేకుండా వర్గం చేస్తే −4 వస్తుంది. (−2) అని రాసి వర్గం చేస్తేనే 4 వస్తుంది.

భిన్నాలని భిన్నాలుగానే ఉంచే మీటలూ ఉన్నాయి. టీఐ-30ఎక్స్ ఐఐఎస్ లో "ఏ బీ/సీ" మీట నొక్కి లవం, హారం విడిగా ఇవ్వవచ్చు. టీఐ-84 లో లెక్క అయ్యాక మ్యాథ్ మెనూలో మొదటి అంశం, ఫ్రాక్, ఎంచుకుంటే దశాంశం భిన్నంగా మారుతుంది.

కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష అమెరికాలో 2024 నుంచి కంప్యూటరు మీదే జరుగుతోంది. డెస్మోస్ కాలిక్యులేటరు అందులోనే ఉంటుంది. జవాబు మనమే రాయవలసిన ప్రశ్నల్లో మూడున్నరని 3 1/2 అని కొడితే అది 31/2 అయిపోతుంది. 7/2 అనో 3.5 అనో రాయాలి. 2/3 అని రాస్తే సరి, 0.667 కూడా సరే, 0.67 అంటే మాత్రం మార్కు పోయినట్టే.

వీసం వచ్చు, పదో వంతు రాదు

కంప్యూటర్లు లోపల సున్నా, ఒకట్లతోనే లెక్క కడతాయి. అందుకని వాటికి అర, పావు, వీసం ఖచ్చితంగా వస్తాయి. రెండుని రెండుతో గుణించుకుంటూ పోతే వచ్చే హారాలు కదా! ఇక్కడి వడ్రంగుల టేపు మీద అంగుళాన్ని వీసాలుగా విభజించి ఉంటుంది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో 2001 లో సెంట్లకి మారేదాకా షేర్ల ధరలు కూడా వీసాల్లోనే పలికేవి. మనకి సుళువైన పదో వంతే కంప్యూటరుకి కొరకరాని కొయ్య. ద్విసంఖ్యామానంలో అది 0.000110011001100... అంటూ అంతు లేకుండా పోతుంది, మనకి మూడో వంతు లాగే. ఎక్కడో అక్కడ కోసెయ్యాలి.

కోసిన ఆ ముక్క ఎంత ఖరీదు పడుతుందో 1991 గల్ఫ్ యుద్ధంలో తెలిసింది. సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో అమెరికా సైన్యం వారి పేట్రియట్ క్షిపణి వ్యవస్థ గడియారం పదో వంతు సెకన్లని లెక్కపెట్టేది. ఆ సంఖ్యని 1/10 తో గుణిస్తే సెకన్లు వస్తాయి. కానీ 24 బిట్లలో ఇమిడ్చిన ఆ 1/10 దాదాపు 0.000000095 తక్కువ. యంత్రం ఆపకుండా నూరు గంటలు నడిచేసరికి లెక్కకి వచ్చినవి 36,00,000 పదో వంతులు. 36,00,000 × 0.000000095 = 0.342. అంటే మూడో వంతు సెకను తేడా! సెకనుకి సుమారు 1,676 మీటర్లు పోయే స్కడ్ క్షిపణి ఆ వ్యవధిలో అర కిలోమీటరు దాటిపోతుంది. పేట్రియట్ తప్పు చోట వెతికింది, ఎదురు క్షిపణిని వదలనే లేదు. ఫిబ్రవరి 25 న స్కడ్ సైనికుల బస మీద పడి 28 మంది చనిపోయారు. వారిలో 13 మంది పెన్సిల్వేనియాలోని గ్రీన్స్‌బర్గ్‌కి చెందిన ఒకే దళం వాళ్ళు. సరిచేసిన సాఫ్ట్‌వేరు మర్నాడు అక్కడికి చేరింది.

అదే 36,00,000 ని 10 తో భాగించి ఉంటే? 3,60,000, ఖచ్చితంగా. భాగహారం చివర చెయ్యమన్న మన సూత్రమే ఇదీను. "ఈ గొడవంతా ఎందుకు?" అన్న పిల్లలకి ఈ లెక్క చేసి చూపించవచ్చు.

ఇప్పుడు ఒక అభ్యాసం. (−3/8) ని నాలుగూ నాలుగు తొమ్మిదో వంతులతో గుణించమనండి. ముందు వజ్రాపవర్తనంతో కాగితం మీద, తరువాత కాలిక్యులేటరు మీద. కాగితం మీద −5/3 రావాలి. తెర మీద −1.6666667 వస్తే రెండూ ఒకటేనని వాళ్ళ చేతే చెప్పించండి.