త్రోవ విడిచి చూచువారు

పాఠ్యభాగములు: నిర్గమకాండము 3:1-5, మత్తయి 6:25-34



ఈ దినములలో మన పల్లెలలో నడక తగ్గిపోయినది. ప్రక్కవీధిలోని దేవాలయమునకు సయితము మోటారుసైకిలుపై వచ్చుచున్నాము. సంతకు ఆటో, పెండ్లికి కారు కావలెను. ఇవియు దేవుని మేలులే. పురిటినొప్పులు పడుచున్న తల్లిని వేళకు ఆసుపత్రి చేర్చిన బండిని ఎవరు తప్పుపట్టగలరు? అయితే బండి మనలను చేరవలసిన చోటికి చేర్చునే గాని, నడుమనున్నదానిని చూపదు. ఆ నడుమనున్నదానిని గూర్చియే ఈ నెల పాఠము.

1. మోషే ఆగెను

మోషే తన మామ మందను మేపుచు హోరేబు దగ్గరకు వచ్చెను. అక్కడ మండుచున్న పొదను చూచి, త్రోవ విడిచి దాని దగ్గరకు వెళ్లెను. 4వ వచనమును నిదానముగా చదువుడి. అతడు చూచుటకు ఆ వైపు తిరిగెనని యెహోవా కనిపెట్టిన పిమ్మటనే అతనిని పేరుపెట్టి పిలిచెను. పిలుపుకంటె ముందు ఆగుట ఉన్నది. మోషే గొఱ్ఱెల వెంట నడచువాడు గనుక ఆగగలిగెను. వేగముగా పోవువానికి పొద కనబడినను, తిరిగి చూచులోపల అది వెనుకబడిపోవును.

2. ప్రక్కనే ఉన్న కొల్లేరు

కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ కొల్లేరు ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరుల నీరు అందులో చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవును. వరదకాలములో ఆ నీటిని పట్టియుంచి మెల్లగా విడుచునట్లు సృష్టికర్త దానిని అమర్చెను. 1999లో ప్రభుత్వము దానిని అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో చిత్తడినేలల రక్షణకైన రామ్‌సర్ ఒప్పందపు పట్టికలో దాని పేరు చేరెను. ఏలూరునుండి కైకలూరు పోవు బాట దాని మీదుగానే పోవును. మనము బస్సులో కునుకుపాట్లు పడుచు దాటిపోవుచున్నాము.

కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు గుంపులుగా గూళ్లు కట్టుకొనును. 102వ కీర్తన 6వ వచనములో గూడబాతు పేరును మనము చిన్ననాటినుండి చదువుచున్నాము. అది ఏ పరదేశపు పక్షియో అని అనుకొనువారు మనలో లేరా? ముక్కు క్రింద సంచితో చేపలు పట్టు ఆ పక్షి మన పొలిమేరలోనే పిల్లలను పెంచుచున్నది. శీతకాలము రాగానే దూరదేశముల బాతులును అక్కడికి వచ్చును. ఆకాశమున ఎగురు కొంగకు తన కాలము తెలియును గాని, ప్రజలకు దేవుని న్యాయవిధి తెలియదని యిర్మీయా దుఃఖపడెను (8:7). ఆ కొంగను ప్రవక్త కన్నులార చూచెను గనుకనే అది అతనికి పాఠమాయెను.

3. చూడనిదానిని కాపాడలేము

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, గట్లు తెగి, విజయవాడలో అనేక పేటలు మునిగెను. ఆ యేటి వంతెన మీదుగా ఎన్నిమారులు పోయితిమి! ఒక్కమారైన ఆగి, దాని నీరు ఎటు పోవునో, దాని దారి ఎంత ఇరుకైనదో చూచితిమా? కొల్లేటిలో అనుమతి లేక వేసిన చేపలచెరువుల గట్లను 2006లో కొట్టివేసిరి. ఆ చెరువుల మీద బ్రదికిన అనేకులు కష్టములపాలైరి. వారిని నిందించుట మన పని కాదు. అయితే నీటి చోటు చేజారుచున్న సంవత్సరములలో ప్రక్కనున్నవారము చూడక ఊరకుంటిమని ఒప్పుకొనవలెను.

4. మనము చేయవలసినది

మీ ఊరికి కొల్లేరు లేకపోవచ్చును. ఒక చెరువో, వాగో, తాటితోపో, కొండయో ఉండకపోదు. వచ్చు నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత బండ్లను దేవాలయమునొద్దనే విడిచి, సంఘమంతయు కలిసి అచ్చటికి నడువవలెను. ముసలివారి నడకయే అందరి నడక కావలెను. చెట్ల పేరులు, పిట్టల పేరులు అవ్వలు తాతలకు తెలియును. వారు చెప్పగా పిల్లలు నేర్చుకొనవలెను. వారితోకూడ ఆ పేరులు సమాధికి పోనియ్యకుడి. ఆకాశపక్షులవైపును అడవిపువ్వులవైపును చూడుమని ప్రభువు శిష్యులకు ఆజ్ఞ ఇచ్చెను. అది తీరికగలవారికి మాత్రమే చెప్పినది కాదు. తిండికి, బట్టకు చింతపడుచున్న బీదలకే చెప్పెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దేవుడు మోషేను ఎప్పుడు పిలిచెను?
2. మీ ఊరి చెరువులోనికి నీరు ఎచ్చటనుండి వచ్చును? ఎచ్చటికి పోవును?
3. మీరు ప్రతిదినము దాటిపోవుచున్నను ఎన్నడును ఆగి చూడనిది ఏది?

ప్రార్థన

తండ్రీ, నీ చేతిపనులను చూడక పరుగెత్తిన మమ్మును క్షమించుము. ఆగుటకు మా కాళ్లకును, చూచుటకు మా కన్నులకును నేర్పుము. మా పొరుగున నీవుంచిన నీటిని, చెట్టును, పక్షిని మా పిల్లలకు అప్పగించు నమ్మకమైన గృహనిర్వాహకులనుగా మమ్మును చేయుమని యేసునామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.