పెరటితోట - ఆరోగ్యరక్షణ

పెరటిలో పాదులు చేసి, నీరు పోసి పెంచిన బీరకాయలో, తోటకూరయో కంచమునకు చేరిన దినమున ఇంటిల్లిపాదికిని కలుగు సంతోషము ఇంతంత కాదు. అయితే మనకు ఆహార మిచ్చు ఆ మట్టియందే రోగములను కలిగించు జీవులును గలవు. వానికి వెరచి తోటపని మాననక్కరలేదు. వాని స్వభావమును తెలిసికొని మెలగిన చాలును.

ఒక బాలుడు వంగమడిని త్రవ్వుచుండగా మేకు కాలిలో లోతుగా దిగినదనుకొందము. నెత్తురు అంతగా రాలేదని అతడు గాయముపై పిడికెడు మట్టి అద్ది మరల పనికి పూనుకొనెను. ఇది మిక్కిలి ప్రమాదకరము. ధనుర్వాతమును కలిగించు సూక్ష్మజీవి మట్టిలోను, పేడలోను ఏండ్ల తరబడి నిలిచియుండును. గాలి చొరని లోతుగాయము దానికి అనుకూలమైన స్థానము. దాని విషమువలన దవడలు బిగిసికొనును. దేహము విల్లువలె వంగును. కనుకనే ఆ రోగమునకు ఈ పేరు వచ్చినది. 1889లో కితసాటో అను జపాను శాస్త్రజ్ఞుడు ఈ సూక్ష్మజీవిని వేరుచేసి పెంచగలిగెను. నేడు దీనికి టీకా కలదు. మన దేశమున పసితనమున వేయు టీకాలకు తోడు 10వ ఏటను, 16వ ఏటను మరల వేయుదురు. గాయమైనచో సబ్బుతో, ధారగా పోయు నీటితో కడిగి, వెంటనే వైద్యునికి చూపవలెను. ఆలసించుట చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుటయే యగును.

రెండవ శత్రువు కొంకిపురుగు. ఆరుబయట మలవిసర్జన చేసిన చోట దీని గ్రుడ్లు తడిమట్టిలో పొదుగబడి, సన్నని పిల్లపురుగులు పుట్టును. అవి వట్టికాళ్లతో నడచువారి చర్మమును తొలుచుకొని నెత్తురులో ప్రవేశించి, ఊపిరితిత్తుల మీదుగా తుదకు ప్రేవులకు చేరి, అచ్చట రక్తమును పీల్చుచుండును. రోగి పాలిపోయి, నాలుగడుగులు వేసినంతనే ఆయాసపడును. చదువుపై మనసు నిలువదు. మరుగుదొడ్డి వాడుటయు, చెప్పులు తొడుగుటయు దీనికి తగిన రక్షణలు.

పచ్చిపేడను కూరమళ్లకు వేయరాదు. బాగుగా చివికిన ఎరువునే వేయవలెను. మురుగునీరు పెట్టరాదు. పచ్చిగా తిను ముల్లంగి, కొత్తిమీర, టమాటా మొదలగువానిని మంచినీటితో పలుమార్లు కడుగవలెను. పురుగుమందు చల్లు పని పెద్దలకే విడువవలెను. డబ్బాపై వ్రాసిన గడువు దాటనిదే కాయ కోయరాదు. ఖాళీ డబ్బాను ఎంత కడిగినను నీటికిగాని నూనెకుగాని వాడరాదు.

పని ముగిసిన వెంటనే గోళ్లసందుల మట్టి పోవునట్లు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. తోటవాకిట ఒక జత చెప్పులు, నూతిగట్టున ఒక సబ్బుబిళ్ల - ఇవియు పార, గంపలవలె తోటమాలి పనిముట్లే. బాలబాలికలారా! మీరు విత్తు నాటు నాడే వీనినికూడ సమకూర్చుకొనుడు.