కార్గో సైకిల్ కొంటున్నావా చెల్లాయ్? ఆపి చూడు

చెల్లాయ్, నువ్వు పంపిన ప్రశ్నలన్నీ చదివాను. మోటారు ఎన్ని వాట్లుండాలి, బ్యాటరీ ఎంత దూరం వస్తుంది, ఏ బ్రాండు మంచిది అని అడిగావు. అన్నిటికీ చెప్తాను. కానీ నాలుగేళ్ళ పాపనీ, ఏడాదిన్నర బాబునీ, వారం సరుకుల్నీ ఒకే సైకిల్ మీద వేసుకుని నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్‌వీన్‌లో తిరగాలంటే ముందు ఆలోచించాల్సింది బండి ఆగినప్పటి సంగతి.

నడిచేటప్పుడు దాదాపు ప్రతి బండీ బాగానే నడుస్తుంది, మోటారు ఉంది కదా. సిగ్నల్ దగ్గర ఒక కాలు నేలకు ఆనించి నిలబడినప్పుడు, డేకేర్ ముందు పాపను దింపుతుంటే వెనకాల వాడు లేచి నిలబడినప్పుడు, రాత్రి దాన్ని ఎక్కడ పెట్టాలా అని వెతుక్కునేటప్పుడు తెలుస్తుంది, కొన్నది మనకు పనికొచ్చేదో కాదో.

అందుకని మొదట స్టాండ్ చూడు. రెండు కాళ్ళ స్టాండ్ వెడల్పుగా, గట్టిగా ఉండాలి. పిల్లలు లోపల ఉండగా ఒక్కదానివే వేయగలగాలి, తీయగలగాలి. పిల్లలు అటూ ఇటూ ఊగినా బండి కదలకూడదు. షాపువాళ్ళు మైలేజీ గురించి చెప్పినంత ఇష్టంగా దీని గురించి చెప్పరు, నువ్వే అడగాలి.

ఇక రకాల మాట. నీకు అక్కడ వీధివీధినా కనబడే బాక్‌ఫీట్స్ ఉందే, ముందు పెట్టె ఉండేది, చిన్నపిల్లల తల్లికి నా ఓటు దానికే. పిల్లలు కళ్ళముందుంటారు. మాట్లాడుకుంటూ వెళ్ళొచ్చు, బాబు నిద్రపోతే మెడ ఎటు వాలిందో కనబడుతుంది. అర్బన్ యారో లాంటివి ఈ రకమే. చిక్కేమిటంటే పొడవు. రెండున్నర మీటర్ల పైమాటే. ముందు చక్రం నీకు చాలా దూరంలో ఉంటుంది కాబట్టి మొదట్లో హ్యాండిల్ తడబడుతుంది. చక్రం వంక చూడకుండా దూరంగా రోడ్డు చూస్తూ ఖాళీ మైదానంలో కాసేపు తిప్పితే చేయి కుదురుతుంది. ఆ తర్వాతే పిల్లల్ని ఎక్కించు.

మూడు చక్రాలవి ఆగినప్పుడు పడవు, అది పెద్ద ధైర్యం. కానీ మామూలు మూడు చక్రాల బండి మలుపులో సైకిల్‌లా ఒరగదు. వేగంగా తిప్పితే లోపలి చక్రం లేస్తుంది. నెమ్మదిగా పోయేవాళ్ళకు చక్కని బండి. కోపెన్‌హేగన్‌లో కార్లను రానివ్వని క్రిస్టియానియా పేటలో 1984లో లార్స్ ఎంగ్‌స్ట్రోమ్ తన సహచరి పుట్టినరోజుకు చేసి ఇచ్చిన బండి ఈ రకమే. ఈనాటి క్రిస్టియానియా బైక్‌లకు మూలం ఆ కానుకే. నాకెందుకో ఆ కథ చాలా ఇష్టం.

వెనక క్యారియర్ పొడవుగా ఉండే రకం ఇంకొకటి. టర్న్ జీఎస్‌డీ అలాంటిది. పొడవు మామూలు సైకిలంతే, ముందు వైపు ఎత్తి వెనక క్యారియర్ మీద నిలువుగా నిలబెట్టొచ్చు కూడా. లిఫ్టులో పట్టేది ఇదే. నీ మూడో అంతస్తు ఫ్లాటుకు కింద సైకిళ్ళ గది లేకపోతే, పెట్టె బండి మీద మనసున్నా దీన్నే తీసుకోమంటాను. పిల్లలు వెనక కూర్చుంటారు కాబట్టి చక్రంలో కాళ్ళు పడకుండా అడ్డు, చుట్టూ పట్టుకోవడానికి కడ్డీ తప్పనిసరి. ఆరేడేళ్ళు వచ్చాక పెట్టెలో మోకాళ్ళకు ఇరుకవుతుంది, ఇది మాత్రం ఇంకా కొన్నేళ్ళు పనికొస్తుంది.

కొనేముందు కింది గది తలుపు వెడల్పు, మలుపు, మెట్లు టేపుతో కొలుచుకో. అక్కడ ప్లగ్ పాయింట్ ఉందో లేదో చూడు. లేకపోతే రోజూ బ్యాటరీ విప్పి పైకి మోయాలి కాబట్టి విప్పదీసేదే కావాలి. చలికాలంలో గడ్డకట్టిన బ్యాటరీని అలాగే చార్జింగ్ పెట్టకు, ఇంట్లోకి తెచ్చి చల్లదనం విడిచాకే పెట్టు.

ఇప్పుడు బ్రేకులు. లెక్క వేద్దాం. బండి 50 కేజీలు, నువ్వు 60, పిల్లలిద్దరూ కలిపి 28, బియ్యం బస్తా, పాలు, కూరగాయలు 25. మొత్తం 163 కేజీలు. వానలో, వంతెన దిగుతూ, ఆ బరువుని ఆపాలి. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు తప్ప ఇంకేవీ ఒప్పుకోకు. ప్రతి బండికీ మొత్తం బరువు హద్దు రాసి ఉంటుంది, అందులో బండి బరువూ నీ బరువూ కూడా కలిసే ఉంటాయి. రెండో తరం జీఎస్‌డీకి అది 200 కేజీలు. అంటే పై లెక్క ప్రకారం పిల్లలకూ సరుకులకూ 90 కేజీలైనా మిగులుతుంది.

మోటారు వాట్ల గురించి బెంగ వద్దు. యూరప్‌లో మామూలు కరెంటు సైకిళ్ళన్నిటికీ హద్దు 250 వాట్లే, గంటకు 25 కిలోమీటర్లు దాటితే సాయం ఆగిపోతుంది. తేడా తెలిసేది లాగే బలంలో. బాష్ కార్గో లైన్ మోటారు 85 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, సిగ్నల్ దగ్గర బరువుతో కదలడానికి అది చాలు. నెదర్లాండ్స్‌లో కొండలు లేవు కానీ ఎదురుగాలి ఉంది, వానకవర్ వేస్తే ఆ గాలి ఇంకా పట్టుకుంటుంది. కాబట్టి 500 వాట్ అవర్ల బ్యాటరీకి తగ్గొద్దు.

డబ్బు మాట. మంచి పెట్టె బండి కొత్తదైతే ఐదు వేల యూరోలు దాటుతుంది. సెకండ్ హ్యాండ్ చూస్తే తప్పేం లేదు, కానీ ఫ్రేమ్ నంబరు తీసుకుని కంపెనీ వెనక్కి పిలిచిన జాబితాలో ఉందేమో సరిచూడు. 2024 ఫిబ్రవరిలో బాబూ అనే పేరున్న బ్రాండు కార్గో సైకిళ్ళ అమ్మకాన్ని డచ్ భద్రతా సంస్థ ఆపించింది, ఫ్రేములు విరిగే ప్రమాదం ఉందని. అతుకుల దగ్గర పెయింట్ పగిలినట్టు కనబడితే ఎంత చవకైనా వదిలెయ్. దొంగల భయం కూడా ఉంది కాబట్టి ఏఆర్‌టీ నాణ్యతా ముద్ర ఉన్న తాళాలకూ, బీమాకూ డబ్బు ముందే పక్కన పెట్టు.

అక్కడ ఈ సైకిళ్ళకు హెల్మెట్ తప్పనిసరి కాదు, వీధిలో చాలామంది పిల్లలు పెట్టుకోరు, నిజమే. అయినా పిల్లలిద్దరికీ పెట్టించు చెల్లాయ్, నా మాట విను. ఎంత దగ్గరైనా బెల్టు బిగించాకే బయల్దేరు.

టెస్ట్ రైడ్‌కి ఒక్కదానివే వెళ్ళకు. పిల్లల్ని తీసుకెళ్ళు, ఒక సంచిలో సరుకులూ పట్టుకెళ్ళు. స్టాండ్ వెయ్యి, తియ్యి, పిల్లల్ని ఎక్కించు, దింపు, మోటారు ఆపేసి కొంచెం దూరం తోసి చూడు. మీ ఆయన్ని కూడా తొక్కమను. సీటు ఎత్తు చిటికెలో మార్చుకోగలిగేదే తీసుకోండి, డేకేర్‌కు వెళ్ళేది నువ్వొక్కదానివే కాదు కదా.