దిండు కింద సెట్టు

ఫోరస్ రోడ్డు,
ముంబయి.

చిన్నోడా,

నీ ఉత్తరం అందింది. చోర్ బజార్ల మనిద్దరం బేరమాడి తెచ్చిన రేడియో స్కానరుకు చార్జింగు ఎక్కుతలేదని రాసినవు. దానికి నాకు రంది లేదు. కానీ నిన్న మీ అమ్మ ఫోన్ల ఇంకో మాట చెప్పింది. చార్జింగు వైరు గుచ్చిన ఆ సెట్టును దిండు కింద పెట్టుకొని పంటున్నవట. ఆ మాట విన్నకాడికెల్లి నాకు నిద్ర లేదు.

ముందు ఒక్కటి చెప్పు, అందుల ఏ సెల్లులు వేసినవు? కిరాణం దుకాణంల కొన్నవేనా? మామూలు సెల్లుకు చార్జింగు పెట్టొద్దు బిడ్డా. లోపల గ్యాసు పుట్టి కారుతది, ఒక్కోసారి పగులుతది. సెల్లులు తీసిన గుంతల గోరంత స్విచ్ ఉంటది చూడు. ఒక దిక్కు ఆల్కలైన్, అంటే మామూలు సెల్లు; ఒక దిక్కు నికెల్, అంటే చార్జింగు పెట్టేది. ఆల్కలైన్ దిక్కు ఉంటే వారం రోజులు గుచ్చినా చార్జింగు ఎక్కదు. నికెల్ దిక్కు పెట్టి మామూలు సెల్లు వేసినవో, సెట్టు పోతది. నీ చెవి సెట్టు మీదనే ఉండె.

సెల్లు కారితే ఏమైతదో మీ బాపుకు తెలుసు, అడుగు. ట్రాన్సిస్టరుకు పోస్టాఫీసుల లైసెన్సు కట్టే రోజులు. సిలోన్ల తెలుగు పాటలు వస్తయంటే గల్లీ అంతా మా ఖోలీ ముందట్నే. సెల్లు దిగిపోతే రేకుల మీద ఎండబెట్టి మళ్ల వేసేటోళ్లం. ఒక వానకాలం అవి అందుల్నే మరిచిపోయిన. తీసి చూస్తే అంతా జిగురు, స్ప్రింగు చేతికి ఊడొచ్చింది. మీ బాపు మూడు దినాలు నాతోని మాట్లాడలే. అన్నం తింటున్నవా? మీ అమ్మ చిక్కినవంటున్నది.

82 జనవరిల మిల్లుల సమ్మె మొదలైనంక నేను లామింగ్టన్ రోడ్డు దుకాణంల సోల్డరింగు పట్టిన. ఉస్తాదు నేర్పిన మొదటి పాఠం, సెట్టు విప్పేముందు వైరు మార్చి చూడుమని. నువ్వూ వైరు, అడాప్టరు మార్చి చూడు. తర్వాత సెల్లుల మీద రాత చదువు, నికెల్‌దైతే 1.2 వోల్టులని ఉంటది. మీటరు ఒక్కోదానికి విడిగా పెట్టు. ఒకటి 1.3 చూపి ఇంకోటి సున్నా దగ్గర ఆగితే, రెండూ తీసి కొత్త జోడు వెయ్యి. బయటి చార్జర్ల నింపి వేస్తే సెట్టు మంచిగ నడిచిందా, సెల్లులకు రోగం లేదు, సెట్టుల చార్జింగు దిక్కే ఉన్నది. స్ప్రింగు మీద పచ్చగ పట్టి ఉంటే నిమ్మరసం చుక్క దూదికి అద్ది తుడువు, ఆ మీద స్పిరిటు. గరుకు కాగితం పెట్టకు, పైపూత లేసిపోతది. గుచ్చేకాడ పిన్ను ఊగుతుంటే మాత్రం నువ్వు ముట్టకు, నాకు పంపు.

ఇంకోటి, రెండు గంటలైనా నిండలేదని రాసినవు. 2000 ఎంఏహెచ్ సెల్లుకు 200 మిల్లీఆంపులు పోతుంటే పద్నాలుగు గంటలదాక పడుతది. అందుకే పొద్దుగాల పెట్టు, గచ్చు మీద పెట్టు, కండ్ల ముందు పెట్టు. దిండు కింద వేడి ఎటు పోతది?

నీ హామ్ రేడియో వీయూ3 కాల్‌సైన్ కాగితం జిరాక్సు ఖోలీల గోడకు అంటించిన. వచ్చినోళ్లందరికీ చూపెడుతున్న. అది ఉన్నదని పోలీసోళ్ల మాటలు వినబోకు.

మీ పెద్దమ్మ సకినాలు పంపుతున్నది. డబ్బా అడుగున నాలుగు నికెల్ సెల్లులు పెట్టిన. అవి వేసేముందు ఆ స్విచ్ ఏ దిక్కు ఉన్నదో చూసి నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దబాపు