జనగామ నుండి రామప్ప వరకు : ఒక దినపు క్షేత్రయాత్ర

తీర్థయాత్ర అనగా దేహమును ఒక ఊరి నుండి వేరొక ఊరికి చేర్చుట మాత్రమే కాదు. కన్ను చూచినదానిని బుద్ధి గ్రహింపవలెను. బుద్ధి గ్రహించినదానిని హృదయము నిలుపుకొనవలెను. ఈ మూడును కూడినప్పుడే దర్శనము పూర్ణమగునని పెద్దలు చెప్పుదురు. ఆలయమున కేగి, గంట మ్రోగించి, తీర్థప్రసాదములు గైకొని వెంటనే మరలి వచ్చువారు ఫలమును పొందకపోరు. కాని ఆ ఆలయము నెవరు కట్టిరి, ఏ శిలతో కట్టిరి, ఆ శిల ఎచ్చట పుట్టినది అని విచారించువాని భక్తి మరింత లోతుగా వేళ్ళూనును.

ఇట్టి విచారణకు తగిన ప్రదేశములు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో పెక్కు గలవు. ఒకప్పుడు ఇవన్నియు వరంగల్లు జిల్లాలోనివే. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఈ మూడును వేర్వేరు జిల్లాలైనవి. పిదప 2019లో భూపాలపల్లి జిల్లా నుండి ములుగు జిల్లా వేరుపడినది. సూర్యోదయమునకు పూర్వమే జనగామ నుండి బయలుదేరిన కుటుంబము వాహనమున ఈ క్షేత్రములను దర్శించి సాయంకాలమునకు యాత్రను ముగింపవచ్చును.

అయితే ఈ దారిలో యాత్రికునకు మూడు విధములైన మాటలు వినవచ్చును. ఒకటి శాసనము చెప్పు మాట. రెండవది ఐతిహ్యము, అనగా తరతరములుగా పెద్దలు చెప్పుకొను మాట. మూడవది ప్రకృతిశాస్త్రము చెప్పు మాట. ఈ మూడును గౌరవింపదగినవే. కాని ఒకదానిని మరియొకటిగా భ్రమపడరాదు. దారి చూపువాడు ఎవ్వరైనను, ఏ మాట ఏ కోవకు చెందినదో విడమరచి చెప్పినప్పుడే యాత్రికునకు మేలు కలుగును.

జీడికల్లు

జనగామకు సమీపమున లింగాల ఘనపురం మండలములో జీడికల్లు గ్రామము కలదు. ఇచ్చట గుట్టపై శ్రీరామచంద్రస్వామి వెలసియున్నాడు. మాయలేడిని వెంబడించుచు శ్రీరాముడు ఈ ప్రాంతమునకు వచ్చెనని భక్తుల విశ్వాసము. ఇది ఐతిహ్యము. దీనికి శాసనము చూపుమని అడుగుట యుక్తము కాదు; దీనినే చరిత్రమని వాదించుటయు యుక్తము కాదు. ఉదయకాలమున స్వామిని సేవించి, ఆ కథలోని నీతిని, అనగా ఆకర్షణ ఎంతటివారినైనను ఎంత దూరము లాగికొనిపోవునో తలచుకొని ముందునకు సాగుట మంచిది.

పాలకుర్తి, బమ్మెర

పాలకుర్తి గుట్టపై ఒకే కొండలో శ్రీసోమేశ్వరస్వామియు, శ్రీలక్ష్మీనరసింహస్వామియు గుహలలో కొలువుదీరియున్నారు. హరిహరులు ఇరుగుపొరుగు వలె వసించు ఈ సన్నిధి యాత్రికునకు దినమంతటికి పనికివచ్చు పాఠమును చెప్పుచున్నది. బసవపురాణమును, పండితారాధ్య చరిత్రమును రచించిన పాల్కురికి సోమనాథుని పేరు ఈ ఊరితోనే ముడివడియున్నది. జానుతెనుగును, ద్విపదను పండితులు చిన్నచూపు చూచు కాలమున వాటినే మహాకావ్యములకు సాధనములుగా స్వీకరించిన మహనీయుడాతడు.

పాలకుర్తికి సమీపముననే బమ్మెర గ్రామము కలదు. శ్రీమద్భాగవతమును తెనిగించిన పోతనామాత్యుని ఊరిది. కడప మండలములోని ఒంటిమిట్టయే పోతన నివాసమను వాదమును కొందరు చేసియున్నారు. కాని ఇంటిపేరే ఊరిపేరైన బమ్మెర వైపే పెక్కుమంది పండితులు మొగ్గిరి.

వైష్ణవ గృహస్థులలో కొందరికి ఇచ్చట ఒక సందేహము కలుగుట కద్దు. ముందున్న క్షేత్రములలో అధికభాగము శివాలయములే గదా, వాటిని దర్శించుట తగునా అని వారు శంకింతురు. దీనికి సమాధానము పోతన జీవితముననే యున్నది. ఆయన భాగవతమునకు పూర్వము వీరభద్రవిజయమును రచించెను. భాగవత పీఠికలో తన గ్రంథము పుట్టిన విధమును ఆయనయే చెప్పుకొనెను. చంద్రగ్రహణపు రాత్రి గంగాస్నానము చేసి, ఇసుకతిన్నెపై కూర్చుండి ఆయన ధ్యానించినది మహేశ్వరుని. కన్నుల ముందు సాక్షాత్కరించి భాగవతమును తెనిగింపుమని ఆనతిచ్చినది శ్రీరామభద్రుడు. శివుని ధ్యానించువానికి రాముడు దర్శనమిచ్చెను. రాముని ఆనతిచే కృష్ణకథ తెలుగున వెలసెను. ఇంటింట గజేంద్రమోక్షమును పారాయణ చేయు వైష్ణవులు ఆ గ్రంథము పుట్టిన ఈ ఘట్టమును మరువరాదు. తన ఇష్టదైవమునందు అనన్యభక్తి గలవాడు అన్యుల దైవమును నిందింపనక్కరలేదు.

కురవి

బమ్మెర నుండి తొర్రూరు మీదుగా మహబూబాబాదు జిల్లాలోని కురవి చేరవచ్చును. ఇచ్చట శ్రీవీరభద్రస్వామి ఆలయము సుప్రసిద్ధము. మహాశివరాత్రికి ఇచ్చట పెద్ద జాతర జరుగును. చరిత్రములో దీని పేరు కొరవి. కాకతీయులకు పూర్వము ముదిగొండ చాళుక్యులు ఈ సీమను పాలించిరి. 10వ శతాబ్దమునకు చెందిన కొరవి శాసనము తెలుగు గద్యమునకు ప్రాచీనమైన ఉదాహరణములలో నొకటిగా భాషాచరిత్రకారులు పేర్కొందురు. వీరభద్రవిజయమును రచించిన పోతన ఊరు చూచి, వీరభద్రుని సన్నిధికి వచ్చిన యాత్రికునకు సాహిత్యమును క్షేత్రమును ఒకదానికొకటి వెలుగు చూపును.

రామప్ప

కురవి నుండి నర్సంపేట, ములుగు మార్గమున పాలంపేట చేరవలెను. ప్రయాణము దీర్ఘమైనను దారి పొడవున వరిపొలములు, చెరువులు కన్నులకు పండుగ చేయును. ఊరు, గుడి, చెరువు అను మూడింటిని కలిపి నిర్మించుట కాకతీయుల కాలపు పద్ధతి. పాకాల, లక్నవరం, రామప్ప చెరువులు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నవి.

పాలంపేటలోని రుద్రేశ్వరాలయమును లోకము రామప్ప గుడి అని పిలుచుచున్నది. కాకతి గణపతిదేవ చక్రవర్తి సేనాని యగు రేచర్ల రుద్రుడు దీనిని క్రీ.శ. 1213లో ప్రతిష్ఠించినట్లు ఆలయప్రాంగణమున నున్న శాసనము తెలుపుచున్నది. రామప్ప అనునది శిల్పి పేరనియు, దేవుని పేరున గాక శిల్పి పేరున ఆలయము ప్రసిద్ధికెక్కుట అరుదనియు చెప్పుదురు. ఇందు కట్టించినవాని పేరు శాసనము చెప్పినది; శిల్పి పేరు ఐతిహ్యము చెప్పినది. ఈ భేదమును తెలిసినంత మాత్రమున ఆ శిల్పిపై గౌరవము తగ్గదు.

2021 జూలై 25న యునెస్కో ఈ ఆలయమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. తెలంగాణ రాష్ట్రమున ఈ గౌరవమును పొందిన మొదటి కట్టడమిదియే.

నక్షత్రాకారపు ఎత్తైన పీఠముపై ఆలయము నిలిచియున్నది. గోడలు లేత ఎరుపు ఇసుకరాతితో కట్టబడినవి. స్తంభములకును దూలములకును గ్రానైటును, నల్లని డోలరైటును వాడిరి. చూరు క్రింద ఏటవాలుగా నిలిచిన 12 మదనికలు నల్లరాతివే. ఎనిమిది వందల యేండ్ల ఎండవానలకు ఓర్చియు వాటి మెరుగు నేటికిని చెదరలేదు. గణపతిదేవుని గజసాహిణి యగు జాయపసేనాని రచించిన నృత్తరత్నావళి ఈ కాలమునకే చెందినది. నటరాజ రామకృష్ణగారు పేరిణి తాండవమును పునరుద్ధరించుటలో ఆ గ్రంథమును, ఈ శిల్పములను ఆధారము చేసికొనిరి.

వైష్ణవులకు ఇచ్చట మరియొక ఆనందము కలదు. శివాలయమే యైనను రంగమండపమున క్షీరసాగరమథనము, గోపికావస్త్రాపహరణము, వేణువు నూదుచున్న కృష్ణుడు శిల్పములై కనిపింతురు. పోతన తెలుగున పాడిన కథలను అంతకు రెండు వందల యేండ్లకు పైగా పూర్వమే ఈ శిల్పులు రాతిలో చెక్కిరి.

నల్లరాయి ఎచ్చటిది?

ఈ నల్లరాతిని చూచినప్పుడు, ఇచ్చట పూర్వము అగ్నిపర్వతముండెడిదా అని యాత్రికులు అడుగుదురు. ఉండెడిదని తొందరపడి చెప్పుట సులభము. శాస్త్రము చెప్పునది కొంత భిన్నము.

భూగర్భమున కరిగిన శిలాద్రవము రెండు విధముల పైకి వచ్చును. కొన్నిచోట్ల అది భూమిని చీల్చుకొని వెలికి వచ్చి లావాగా ప్రవహించును. సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమి పశ్చిమభాగమున ఇట్లే లావా పొరలు పొరలుగా పరచుకొనినది. వికారాబాదు ప్రాంతమున దాని అంచులను నేటికిని చూడవచ్చును. భారతదేశమున నేడు సజీవముగా నున్న అగ్నిపర్వతము అండమాను సముద్రములోని బారెన్ ద్వీపమున కలదు. దీర్ఘకాలము నిద్రించి 1991లో అది మరల రగిలినది.

మరికొన్నిచోట్ల ఆ ద్రవము పైకి రాక, గ్రానైటు బండల పగుళ్ళలో జొచ్చి, అచ్చటనే మెల్లగా చల్లారి గట్టిపడును. అదియే డోలరైటు. తెలంగాణపు గ్రానైటు నేలలో ఇట్టి నల్లరాతి చారలు పెక్కు గలవు. చుట్టునున్న నేల కాలక్రమమున అరిగిపోగా, అవి నల్లగుండ్ల వరుసలై పొలముల నడుమ బారులు తీరి కనిపించును. ఇవి దక్కను లావా కంటె ఎంతో ప్రాచీనములు; వీటి వయస్సు కోట్లలో గాక వందల కోట్ల యేండ్లలో లెక్కింపబడును. వ్యాపారులు ఈ రాతినే బ్లాక్ గ్రానైట్ అని అమ్ముదురు గాని, నిజమునకు ఇది గ్రానైటు కాదు. రేణువులు సన్నముగా, దట్టముగా నుండుట వలన ఉలికి సులభముగా లొంగదు. కాని ఒకమారు లొంగినచో సూక్ష్మమైన నగిషీని నిలుపుకొనును. అద్దము వలె మెరుగెక్కును. కనుకనే శిల్పులు మదనికలకు దీనిని ఎన్నుకొనిరి.

కావున ఇచ్చట అగ్నిపర్వతము లేదు. కాని అగ్నిపర్వతమును పుట్టించు అగ్నియే భూమి లోపల నిలిచి ఈ శిలయైనది.

అగ్ని చేసిన మరియొక పని విమానశిఖరమున కనిపించును. శిఖరమును బరువైన రాతితో గాక, నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలతో కట్టిరి. మట్టిలో కలిపిన పదార్థము ఆవములో కాలిపోగా ఇటుకయంతట సూక్ష్మరంధ్రములు ఏర్పడినవని పరిశీలకుల అభిప్రాయము. పునాదిలో ఇసుక నింపి భారమును సర్దుబాటు చేసిరి. పైన తేలిక ఇటుకలతో భారమును తగ్గించిరి. ఇది మహిమ కాదని తెలిసినంతనే ఆశ్చర్యము తగ్గునా? తగ్గదు. దైవము మానవునకిచ్చిన బుద్ధియు దైవప్రసాదమే గదా!

కోటగుళ్ళు

రామప్ప నుండి కొలది దూరమున, భూపాలపల్లి జిల్లా గణపురములో కోటగుళ్ళు కలవు. గణపసముద్రమను చెరువు చెంత, ప్రాకారము నడుమ ప్రధానమైన గణపేశ్వరాలయముతో కూడి 22 ఆలయముల సముదాయమిది. సాయంకాలపు వెలుగులో ఇచ్చటి సగము కూలిన గుడులను, చెదరిన శిల్పములను చూచినప్పుడు మనస్సు బరువెక్కును.

శిథిలాలయమునకు వచ్చిన భక్తుడు ఏమి చేయవలెను? భిన్నమైన విగ్రహమునకు తోచినట్లు పూజ చేయుట ఆగమసమ్మతము కాదు. జీర్ణోద్ధారణమునకు ఆగమవిధి వేరుగా కలదు. భక్తుడు చేయదగినది నమస్కరించుట, చెడకుండ విడిచివచ్చుట. ఇందుకు పోతన భాగవతమే దృష్టాంతము. ఆ గ్రంథములోను కొన్ని భాగములు శిథిలములైనవి. పంచమస్కంధమును గంగన, షష్ఠస్కంధమును సింగన, ఏకాదశ ద్వాదశస్కంధములను నారయ పూరించిరి. వారు పోతన పద్యములను మార్చలేదు. లోపించినదానిని మాత్రము పూరించి, తమ పేర్లను వేరుగా చెప్పుకొనిరి. ప్రాచీనాలయములను ఉద్ధరించువారికి ఇంతకు మించిన నియమము లేదు.

యాత్రికులు పాటింపదగిన నియమములు

శిల్పములపై పసుపు, కుంకుమ, నూనె పూయరాదు. భక్తితో పూసినను అవి రాతిలోనికి ఇంకి మరకలగును. కొబ్బరికాయలను నియమిత స్థలముననే కొట్టవలెను.

వేణుగోపాలుని శిల్పముపై వ్రేలితో మీటిన స్వరములు పలుకునని చెప్పుదురు. దినమునకు వందలమంది మీటినచో ఏ శిలయైనను అరుగును. ఆ కృష్ణుని కన్నులతో సేవింపవలెను గాని చేతులతో కాదు.

నీటిపై తేలునా అని పరీక్షించుటకు ఇటుకముక్కలను తీయుట, జ్ఞాపకార్థము రాతిముక్కలను ఇంటికి తెచ్చుట దేవద్రవ్యమును అపహరించుటయే యగును.

పిల్లలను వెంట గొనిపోయి, ఒక్కొక్కచోట ఇది శాసనము, ఇది ఐతిహ్యము, ఇది శాస్త్రము అని విడదీసి చెప్పవలెను. అట్లు విన్న బాలుడు పెద్దవాడైన పిదప ఒకదానిని తెలిసికొనుటకై మరియొకదానిని విడువడు.

కోట్ల యేండ్లు భూమిలో నిలిచిన రాతిని శిల్పి కొన్ని సంవత్సరములు శ్రమించి రూపముగా మలచెను. ఎనిమిది వందల యేండ్లుగా తరతరముల భక్తులు దానిని కాపాడి నేటివారికి అందించిరి. చూచి నమస్కరించి, చేయి తాకకుండ మరలివచ్చిన యాత్రికుడు తన వంతు సేవను చేసినవాడగును. తరువాత వచ్చువారికి ఆ దర్శనము దక్కుట అతని ఆ నిగ్రహము పైననే ఆధారపడియున్నది.