మంచె మీద ఉండగా కయోటీ కనిపిస్తే

అట్లాంటా చుట్టుపక్కల మన తెలుగు కుర్రాళ్లలో వేట లైసెన్సు తీసుకున్నవాళ్లు కొందరు తయారయ్యారు. సీజన్ దగ్గర పడగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. రైఫిల్ ఏది కొనాలి, వేటకు భూమి లీజు ఎక్కడ దొరుకుతుంది అనేవి అయ్యాక చివర్లో ఆ ప్రశ్న వస్తుంది: "అంకుల్, జింక కోసం కూర్చున్నప్పుడు కయోటీ వస్తే కాల్చేయాలా, వదిలేయాలా?" ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా రాసిపెడితే నయమనిపించింది. కయోటీని చూడనివాళ్ల కోసం ఒక్క మాట: మన నక్క కన్నా పెద్దది, తోడేలు కన్నా చిన్నది, పదిహేను కిలోలకు అటూ ఇటూ తూగే జంతువు. ఫోన్ ఫోటోల్లో మాత్రం ప్రతిదీ తోడేలంత కనిపిస్తుంది.

1. ముందు ఏ రాష్ట్రంలో ఉన్నారో చూసుకోండి.
జార్జియాలో కయోటీకి సీజన్ లేదు, లెక్కా లేదు. ఏడాది పొడవునా ఎన్నయినా కాల్చవచ్చు. న్యూయార్క్‌లో అలా కాదు, అక్టోబరు 1 నుంచి మార్చి ఆఖరి ఆదివారం దాకానే. యూటా రాష్ట్రం 2012 నుంచి తలకు 50 డాలర్లు ఇస్తోంది. సౌత్ కరొలినా వాళ్లయితే కొన్ని కయోటీలను పట్టి, ట్యాగు వేసి వదిలారు. ట్యాగు ఉన్నదాన్ని తెచ్చినవాడికి జీవితాంతం వేట లైసెన్సు ఉచితమన్నారు. నార్త్ కరొలినా తూర్పు తీరంలో అయిదు కౌంటీలకు విడిగా నిబంధనలున్నాయి, కారణం కింద చెబుతాను. రూల్ బుక్ చదవండి. అయితే ప్రభుత్వం వద్దనలేదు అంటే చంపమని చెప్పినట్టు కాదు. డబ్బిచ్చే చోట కూడా ఆ డబ్బు వెనక రాంచర్ల గోడు, రాజకీయం ఎంత, జింకల లెక్క ఎంత అన్నది వేరే ప్రశ్న.

2. ఇది మన తూర్పు అడవుల్లోకి ఆలస్యంగా వచ్చిన జంతువు. దారి వేసింది మనుషులే.
ఒకప్పుడు కయోటీ పడమటి గడ్డి మైదానాల జీవి. తూర్పున తోడేళ్లను విషం పెట్టి, ఉచ్చులు వేసి తుడిచిపెట్టాక ఖాళీ అయిన చోటుకి ఇది నడిచి వచ్చింది. ఇప్పుడు జార్జియా 159 కౌంటీల్లోనూ ఉంది. పక్కనున్న సౌత్ కరొలినాలో మొదట కనబడింది 1978లో. వేటకుక్కలను తరిమించే సరదా కోసం కొందరు చాటుగా తెచ్చి వదిలారని ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖే చెబుతుంది. వేటగాళ్లు తెచ్చినదాన్ని వేటగాళ్లే తిట్టుకుంటున్నాం అన్నమాట.

3. అసలు సంగతి క్యాలెండర్‌లో ఉంది.
"ఒక కయోటీని చంపితే నాలుగు జింక పిల్లలు బతికినట్టే" అని వేట క్యాంపుల్లో అంటుంటారు. వినడానికి బాగుంటుంది. నెలలు లెక్కపెట్టి చూడండి. ఇక్కడ తుపాకీ సీజన్ అక్టోబరు నడిమి నుంచి జనవరి దాకా. తెల్లతోక జింకలు ఎక్కువగా ఈనేది మే, జూన్ నెలల్లో. కయోటీ జింక పిల్లను పట్టేది పుట్టిన మొదటి కొద్ది వారాల్లో, అది గడ్డిలో కదలకుండా ముడుచుకుని పడుకునే రోజుల్లో. నవంబరులో మీరు కాల్చిన కయోటీకీ, ఆ పిల్ల పుట్టుకకూ మధ్య ఆరేడు నెలలు ఉన్నాయి. కిందటి వసంతంలో పుట్టిన కుర్ర కయోటీలు తల్లిదండ్రులను వదిలి సొంత జాగా వెతుక్కుంటూ తిరిగేది సరిగ్గా ఈ శరత్కాలం, చలికాలాల్లోనే. ఊట ఉన్న బావిలో నాలుగు బిందెలు తోడితే తెల్లారేసరికి మట్టం ఎలా ఉంటుందో, మీ లీజు భూమిలో కయోటీల సంగతీ అంతే.

ఇది నా ఊహ కాదు. అగస్టా దగ్గర నది దాటితే సౌత్ కరొలినాలో సవానా రివర్ సైట్ ఉంది. అణ్వాయుధాలకు ప్లూటోనియం తయారుచేసిన చోటు. చుట్టూ బయటి జనాన్ని ఇష్టం వచ్చినట్టు రానివ్వని పెద్ద అడవి. అటవీ శాఖ శాస్త్రవేత్త జాన్ కిల్గో బృందం అక్కడ జింక పిల్లలకు రేడియో కాలర్లు వేసి ఏళ్ల తరబడి గమనించింది. కయోటీల జోలికి పోకముందు నూటికి 23 పిల్లలే గట్టెక్కేవి. అంటే కయోటీ నష్టం నిజమే, కాదనే పనే లేదు. ఆ తర్వాత మనలా దారినపోయేదాన్ని కాల్చడం కాకుండా, వృత్తి ట్రాపర్లను పెట్టి మూడేళ్లలో వందల కయోటీలను తొలగించారు. మొదటి ఏడు నూటికి 51 పిల్లలు బతికాయి. అందరూ సంబరపడ్డారు. రెండో ఏడు 20కి పడిపోయింది. మూడో ఏడు 43. అంత ఖర్చు, అంత శ్రమ పెట్టినా ఫలితం ఏడాదికో రకం. మంచె మీద నుంచి సీజన్‌కి ఒకటో రెండో కాల్చి జింకలను కాపాడుతున్నామనుకోవడం మనల్ని మనం మెచ్చుకోవడమే.

4. అది మీ దగ్గరికి ఎందుకు వచ్చిందో చూడండి.
నవంబరులో మంచె కింద నుంచి పోయే కయోటీ ఎక్కువగా ఎలుక కోసమో, కుందేలు కోసమో, రాలిన పెర్సిమన్ పళ్ల కోసమో తిరుగుతుంటుంది. లేదా నిన్న మీ స్నేహితుడు జింకను కోసి వదిలేసిన పేగుల కోసం వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద జింకను పడగొట్టడం దానికి తేలిక పని కాదు.

5. మనవాళ్ల కోపం చాలావరకు చీకట్లో వదిలేసిన జింక దగ్గర పుడుతుంది.
సాయంత్రం దెబ్బ తిన్న జింకను తెల్లారాక వెతుకుదామని వదిలేస్తారు. పొద్దున వెళ్లేసరికి వెనకభాగం తినేసి ఉంటుంది. ఆ రోజు నుంచి కయోటీ కనిపిస్తే చాలు వేలు ట్రిగ్గర్ మీదికి పోతుంది. గురి సరిగ్గా గుండె, ఊపిరితిత్తుల మీద పడితే ఈ బాధే ఉండదు. పొట్టలో తగిలితే మాత్రం కొన్ని గంటలు ఆగక తప్పదు, వెంటనే వెంటపడితే జింక ఇంకా దూరం పోతుంది. ఆగినా రాత్రంతా ఆగకండి. ఆ గంటలు గడవగానే ఇద్దరు మనుషులు, రెండు టార్చిలైట్లు తీసుకుని దిగండి. వీలైతే రక్తపు జాడ పట్టే కుక్క ఉన్నవాళ్లను పిలవండి. ఫ్రీజర్‌లోకి మాంసం చేరడానికి, కయోటీని చంపడం కన్నా ఇది ఎన్నో రెట్లు పనికొస్తుంది.

6. కాల్చే ముందు తోక చూడండి.
పరుగెత్తేటప్పుడు కయోటీ తోకను కిందికి వేలాడేసుకుంటుంది. ఊరకుక్క సాధారణంగా పైకి ఎత్తి పరుగెడుతుంది. కయోటీ చెవులు కోసుగా, మూతి సన్నగా ఉంటాయి. మసక వెలుతురులో జర్మన్ షెపర్డ్ కలిసిన కుక్క కూడా అలాగే కనిపిస్తుంది, అది ఎవరి ఇంటి కుక్కో. నార్త్ కరొలినా అయిదు కౌంటీల గొడవ ఇదే: అక్కడ ఎర్ర తోడేలు ఉంది. ప్రపంచం మొత్తం మీద అడవిలో మిగిలినవి పదుల్లోనే, అవీ అక్కడే. కయోటీ అనుకుని వాటిని కాల్చినవాళ్లు ఉన్నారు. పరుగెత్తేదాని మీద తూటా వేయకండి. సాయంకాలం ఆఖరి పది నిమిషాల్లో అసలు వద్దు. ఇంకో సంగతి, పక్క మంచెలో ఉన్నవాడు మీ తుపాకీ చప్పుడు విని మీకు జింక దొరికిందనుకుని సాయానికి దిగి రావచ్చు. కాల్చితే వెంటనే మెసేజ్ పెట్టండి.

7. మేకలవాడు అడిగితే నేను కాలుస్తాను.
మాది కర్నూలు వైపు. తోడేలు పడిన మందను చిన్నప్పుడు చూశాను. పొద్దున్నే ఆ కాపరి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కాబట్టి జింకల లెక్కతో నేను వాదిస్తాను గానీ, మేకలు ఈనే రోజుల్లో కంచె పక్కన కయోటీ తిరుగుతోందని భూమి యజమాని ఫోన్ చేస్తే వాదించను. ఆ నష్టం ఆయన కళ్లముందు జరిగినది, తేల్చుకోవాల్సిన జంతువు కూడా అక్కడే తిరుగుతోంది. మనం కూర్చునేది ఆయన నేల మీద. అయితే ఆయనకు కాపలా కుక్కలు ఉంటే ముందే అడిగి తెలుసుకోండి. గ్రేట్ పిరనీస్ తెల్లగా, పెద్దగా ఉంటుంది కనుక పొరబడరు, మిగతా జాతుల విషయం అలా కాదు. మంద దగ్గరికి రాకుండా తన పాటికి ఎలుకలు పట్టుకుంటున్న కయోటీల జంటను మాత్రం కదపకండని ఆయనకూ చెబుతాను. ఆ జంట తన జాగాలోకి కొత్తవాటిని రానివ్వదు. దాన్ని చంపితే ఆ చోటుకి వచ్చే కొత్తది మేకలు తినేదై ఉండవచ్చు.

8. తోలు అమ్ముకుందామని ఆశ పెట్టుకోకండి.
దక్షిణాది కయోటీ బొచ్చు పలచన. మంచి ధర ఎప్పుడూ మోంటానా, డకోటాల చలికి పెరిగిన తోలుకే. ఆ ధరను నిలబెట్టిన కెనడా గూస్ కంపెనీ కూడా ఇక బొచ్చు కొనబోమని 2021లో ప్రకటించింది. పైగా జింక కోసం తెచ్చిన .308 తూటా ఆ చిన్న శరీరం మీద చేసే గాయానికి తోలు మిగలదు. చంపాక కంచెకు వేలాడదీయడం, ఫోటో పెట్టడం నాకు నచ్చవు.

9. జింక పిల్లలు కావాలంటే ఆడ జింకను వదలండి.
జార్జియాలో ఒక్క లైసెన్సు మీద సీజన్‌కి 12 జింకలు, అందులో 10 దాకా ఆడవి. మీ లీజులో పిల్లలు తక్కువ కనిపిస్తున్నాయంటే ముందు మన ఫ్రీజర్లు లెక్కపెట్టాలి. బతికున్న ఆడ జింక మే నెలలో కవలల్ని ఈనవచ్చు. ఆ పని చేయడానికి ట్రాపరూ అక్కర్లేదు, తూటా ఖర్చూ లేదు. నాతో లీజు పంచుకునే మిత్రుడు దీనికి ఒప్పుకోడు, కనిపించిన ప్రతి కయోటీనీ కాలుస్తాడు. అయితే అతను ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వారం వారం వచ్చి ట్రాపులు వేస్తాడు, అవి ఉన్నన్ని రోజులూ రోజూ చూసుకుంటాడు. ఈనే కాలానికి ముందు పడే ఆ కష్టానికి అర్థం ఉందని నేను అతనితోనే అంటాను. మా ఇద్దరికీ కుదిరిన ఒప్పందం లీజు కాగితం వెనక పెన్నుతో రాసి ఉంది: ఈ ఏడు వాగు దిగువన ఆడ జింక మీద తుపాకీ ఎత్తకూడదు, కయోటీ మీద నేను కాల్చేది మేకల కంచె పక్కనే, ట్రాపుల నెలల్లో అతనికి నేను అడ్డు చెప్పకూడదు.