వాకిట్లో గునుగు, మట్టిలో ఎర్రలు

చిక్కడపల్లిలో ఒక సందు. ఆ సందులో ఒక పాత ఇల్లు. ఇంటి ముందు కొంచెం మట్టి జాగా ఉంది. పొడవు 6 అడుగులు, వెడల్పు 3 అడుగులు. అంతే.

వాన పడితే ఆ జాగా బురద అవుతుంది. అత్తకు అది గిట్టదు.

"సిమెంటు పోయిద్దాం. కడిగితే అద్దం లెక్క ఉంటది" అన్నది.

"వద్దు అత్తమ్మా. బతుకమ్మకు ఏటా గునుగు కొంటున్నం. పైసలు పెట్టినా వాడిపోయినవే దొరుకుతున్నయ్. ఈ జాగల మనమే పెంచుదాం" అన్నది కోడలు.

అత్త నవ్వింది. "గునుగు కలుపు మొక్క. దాన్ని ఎవరన్నా పెంచుతరా?"

నిజమే. చేలల్లో, చెరువు గట్ల మీద గునుగు దానంతట అదే మొలుస్తుంది. కానీ చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో ఖాళీ నేల ఎంత మిగిలింది? వాకిళ్లకు కూడా సిమెంటు పోశారు. సిమెంటు కింద గింజ మొలవదు. వాన నీరు ఇంకదు. ఎర్రలు బతకవు. ఎర్రలంటే వానపాములు.

కోడలు మట్టి తవ్వి చూసింది. రాయిలాగా ఉంది. ఒక్క ఎర్ర కూడా లేదు. ఎందుకు లేదు? అత్త రోజూ ఫినాయిల్ నీళ్లు అక్కడే పారబోసేది. ఎర్ర చర్మంతోనే గాలి పీలుస్తుంది. ఆ చర్మం తడిగా ఉండాలి. ఫినాయిల్, ఉప్పు తగిలితే చచ్చిపోతుంది. ఎండలో పడినా అంతే.

ఎర్ర రాలిన ఆకులను, మట్టిని తింటుంది. దాని పెంట మొక్కకు ఎరువు. అది తొలిచిన దారుల్లో నీరు దిగుతుంది. వేరు కూడా దిగుతుంది. ఇంగ్లండులో డార్విన్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఎర్రలను గమనించాడు. 1881లో వాటి మీద ఒక పుస్తకమే వేశాడు. పేరుకే అది పాము. కోరలు లేవు, విషం లేదు, కండ్లు కూడా లేవు. తెగితే రెండు ఎర్రలు అవుతాయని కొందరు అంటారు. అది తప్పు. అందుకే మెల్లగా తవ్వాలి.

ఎర్రలను కొనాలా? అక్కర్లేదు. ఎరువు కోసం గుంతల్లో పెంచే ఎర్రలు వేరే రకం. అవి పేడలో, చెత్తలో బతుకుతాయి. ఒట్టి మట్టిలో నిలవవు. కోడలు పక్కింటి మామిడిచెట్టు కింది తడి మట్టి ఒక తట్టెడు తెచ్చింది. అందులో నాలుగైదు ఎర్రలు ఉన్నాయి. మాగిన పేడ ఎరువు కలిపింది. పచ్చి పేడ వేడి చేస్తుంది, వేయకూడదు. పైన ఎండుటాకులు పరిచింది. కూరగాయల తొక్కలు వేసింది. ఉప్పు, కారం కలిసిన కూర వేయలేదు. ఫినాయిల్ నీళ్లు ఇక మోరీలోనే.

తొలకరి వానకు గునుగు గింజలు చల్లింది. అవి నల్లగా, సన్నగా మెరుస్తాయి. లోతుగా పాతకూడదు. పైన పలచగా మట్టి చల్లితే చాలు. మూలన తంగేడు గింజలు కూడా పెట్టింది. 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పువ్వు తంగేడే. దాని వేరు లోతుగా పోతుంది. పీకి నాటితే సరిగా బతకదు. ఎక్కడ పెరగాలో అక్కడే గింజ పెట్టాలి.

ఒకనాడు వాన వెలిసింది. మట్టి మీద చిన్న చిన్న ఉండలు కనపడ్డాయి. అత్త చీపురు పట్టుకొని వచ్చింది.

"ఇవేంది? ఊడ్వనా?"

"ఊడ్వకు అత్తమ్మా. ఎర్రల పెంట అది. ఎర్రలు వచ్చినయ్!"

పెత్రమాస నాటికి గునుగు పూసింది. తంగేడు మాత్రం ఇంకా మోకాలి ఎత్తే ఉంది. గునుగు బతుకమ్మలో రెండు వరుసలకు వచ్చింది. మిగతా పూలు కొన్నారు. నాలుగు మొక్కలు కోయకుండా గింజకు వదిలారు.

సిమెంటు సంగతి వచ్చే ఏడు చూద్దామన్నది అత్త. ఎండిన పూలు తనే నలిపి గింజలు తీసింది. కాగితంలో పొట్లం కట్టింది. ఏ గింజలో మరిచిపోకుండా పెన్సిలు తీసుకున్నది. 'గు' రాసింది. 'ను' రాసింది. మళ్లీ 'గు' రాసింది.